పెట్రోలుబండికి గ్యాసు: ఒక సంవాదము

వాది: పెట్రోలుతో నడచు కారునకు గ్యాసుకిట్టు బిగింపించుట లోభబుద్ధియనియు, ప్రాణములతో చెలగాటమనియు తలచువారు మనలో పెక్కురు కలరు. నేనా అభిప్రాయమునకు విరుద్ధుడను. బ్రతుకుతెరువునకై దినమునకు 100 కిలోమీటర్లు బండి త్రోలుకొను టాక్సీవాని దృష్టితో ఈ విషయమును పరిశీలింపుడు. హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 107 రూపాయలను తాకి యేండ్లు గడచినవి. పెట్రోలుమీద లీటరునకు 15 కిలోమీటర్లు నడచు బండి గ్యాసుమీద 12 కిలోమీటర్లే నడచుననియు, లీటరు గ్యాసు 60 రూపాయలనియు, కిట్టునకు బిగింపుకూలితోగూడ 40,000 రూపాయలు పట్టుననియు ఉదాహరణార్థము అనుకొందము. అప్పుడు పెట్రోలుమీద కిలోమీటరునకు ఏడు రూపాయలకు పైగా అగుచుండగా, గ్యాసుమీద అయిదు రూపాయలే అగును. దినమునకు 200 రూపాయలకు తక్కువగాక మిగులును. ఏడెనిమిది నెలలు తిరుగునప్పటికి కిట్టు వెల చేతికి వచ్చును. అటుపిమ్మట మిగులునదంతయు ఆ కుటుంబమునకు చెందును. బండి వాయిదాలును, ఇంటి అద్దెయును, పిల్లల చదువును ఆ చక్రములమీదనే నడచుచున్నవానికి ఆ 200 రూపాయలు స్వల్పమని మనము చెప్పజాలము.

ప్రతివాది: మీ లెక్కలో దోషము లేదు. ఐతే అది టాక్సీవాని లెక్క; కారుగల ప్రతి గృహస్థునకును అది వర్తింపదు. దినమునకు 20 కిలోమీటర్లు తిరుగు ఇంటిబండికి ఆ 40,000 రూపాయలు తిరిగి వచ్చుటకు రెండున్నర యేండ్లకు పైగా పట్టును. అంతేకాక గ్యాసుబండి ప్రాతఃకాలమున గ్యాసుతో బయలుదేరదు. ద్రవరూపమున నున్న ఇంధనమును వాయువుగా మార్చు రెడ్యూసరు, ఇంజనును చల్లబరచు నీటి వేడిమిని గ్రహించి పనిచేయును గనుక, ఆ నీరు కాగువరకు బండి పెట్రోలుమీదనే నడచి పిదప గ్యాసునకు మారును. కూరగాయల అంగడికి రెండు కిలోమీటర్లు, బడికి మూడు కిలోమీటర్లు త్రోలుకొనువాడు రెండు ఇంధనములను కొనుచుండవలసినదే. మైలేజి తగ్గుట కిట్టు లోపమునుగాదు, మెకానిక్కు లోపమునుగాదు. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగగా, లీటరు ద్రవగ్యాసు 540 గ్రాములే తూగును. తూకమునకు తూకముగా గ్యాసుదే కొంచెము పైచేయి యైనను, మనము కొనునది తూకముతో గాక లీటర్లతో. కాబట్టి మీ ఉదాహరణములోని బండికి గ్యాసుధర పెట్రోలుధరలో అయిదింట నాలుగు పాళ్లకు మించిన దినమున, కిట్టు ఖర్చు వృథాయగుటయే గాక ప్రతి కిలోమీటరునను నష్టము రాగలదు. ఆ నిష్పత్తి పదేండ్లపాటు నిలుచునని హామీ యిచ్చువారెవరు?

వాది: ఎవ్వరును ఈయజాలరు. ఇంటిబండికి తొందరలేదన్న మీ మాటను అంగీకరించుచున్నాను; వారమునకొకసారి బయటికి తీయు కారునకు కిట్టు బిగింపించుమని నేనెవ్వరికిని చెప్పను. అయితే ఈ వివాదమును డబ్బుతోనే ముగించినచో ఈ ఇంధనమునకు అన్యాయము చేసినవారమగుదుము. గ్యాసును పెట్రోలునకు పరాయివస్తువని పలువురు తలచుచున్నారు. 1910 ప్రాంతమున అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, పెట్రోలు నిలువయుండగానే ఆవిరియై తరిగిపోవుచున్నదన్న ఫిర్యాదును పరిశోధించుచు, ఆ ఆవిరులలో ప్రొపేను, బ్యూటేనులు ముఖ్యములని కనుగొనెను. నేడు మనము గ్యాసని పిలుచుకొనునది ఆ రెండింటి మిశ్రమమే. అనగా అది పెట్రోలునకు తోబుట్టువు. పైగా ఇంజనునకు హితమైన గుణములు దానియందు కొన్ని యధికముగా కలవు. మన బంకులలో చిరకాలము అమ్మిన సాధారణ పెట్రోలు ఆక్టేను సంఖ్య 91 కాగా, గ్యాసుది నూరు దాపునగాని నూరు దాటిగాని యుండును. అందుచేత ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను టకటకమని కొట్టుకొనుట తగ్గును. గ్యాసు వాయురూపమున లోనికి ప్రవేశించును గనుక సిలిండరు గోడలమీది నూనెను కడిగివేయదు. ఇంజనాయిలు చాలకాలము నల్లబడక తేటగా నుండుట దీనిని వాడిన డ్రైవర్లందరును ఎరిగినదే.

పొగవిషయము ఇంతకంటె ముఖ్యమైనది. ఒక లీటరు పెట్రోలు దహింపబడినప్పుడు రమారమి 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు గ్యాసునకు ఒకటిన్నర కిలోకు కొంచెము పైగా వెలువడును. గ్యాసు ఎక్కువ లీటర్లు ఖర్చగునన్న లెక్కనుగూడ కలుపుకొన్నను, కిలోమీటరునకు నూటికి 10 మొదలు 15 పాళ్ల వరకు తగ్గుదల కనబడును. పెట్రోలులో నుండు బెంజీనువంటి హానికర పదార్థములు గ్యాసులో ఇంచుమించు లేనట్లే. టాంకు మూసియున్న పాత్ర గనుక, ఎండలో నిలిపిన పెట్రోలుబండినుండి వలె ఆవిరులు బయటికి పోవు. కూడలులయొద్ద ఆగియున్న బండ్లనడుమ పసిబిడ్డలనెత్తుకొని రోడ్డు దాటు తల్లులను ప్రతిదినము చూచువారికి ఇది చిన్నలాభముగా తోచదు.

ప్రతివాది: అది చిన్నలాభము కాదు. ఐతే మీరు చెప్పినదంతయు చక్కగా అమర్చిన కిట్టుపట్లనే సత్యము. గ్యాసుపాలు తగ్గి గాలిపాలు హెచ్చినచో దహనమందు వేడిమి పెరిగి కవాటములు కాలును, నత్రజని ఆక్సైడులు అధికమగును. పెట్రోలులోని సంకలిత ద్రవ్యములు కవాటములకును వాటి పీఠములకును కల్పించు రక్షణ పొడి ఇంధనమైన గ్యాసువలన లభింపదు. గట్టిపరచిన పీఠములు లేని ఇంజనులలో అవి అరిగి, కవాటము లోనికి దిగి, తుదకు హెడ్డు విప్పవలసివచ్చును. ప్లగ్గులు త్వరగా మార్చవలయును, రేడియేటరులో నీరు తగ్గినచో రెడ్యూసరు గడ్డకట్టి బండి నడిరోడ్డున నిలిచిపోవును. డిక్కీలో సగము టాంకు ఆక్రమించును. అట్లుకాక స్టెప్నీ యుండుచోట గుండ్రని టాంకు నమర్చినచో, పంక్చరైననాడు స్టెప్నీ ఎక్కడనున్నదని వెదకుకొనవలయును.

వాది: కార్బురేటరు కాలములో మిక్సరు బిగించి గ్యాసును గాలితోపాటు పీల్పించు పాత కిట్లకు మీ విమర్శ పూర్తిగా తగును. ఇప్పటి కిట్లు సిలిండరునకు సిలిండరుగా, బండి కంప్యూటరు పెట్రోలునకిచ్చు ఆజ్ఞను చదువుకొని, దానికి సరిపడు గ్యాసును కొలిచి చిమ్మును. ఇక ఇంధనము మారుటచే ఇంజనునకు కలుగు చిక్కులకు భయపడువారు, పెట్రోలుగూడ తన పూర్వస్థితిలో లేదని గమనింపవలయును. 2025 నాటికి దేశమంతట బంకులలో ఇరువదిపాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలే వచ్చినది. దానికై రూపొందని పాతబండ్లలో రబ్బరుభాగములను గూర్చియు, మైలేజిని గూర్చియు యజమానులు చింతించుచునే యున్నారు. మారని ఇంధనము నేడు ఏ బండివానికిని లేదు.

ప్రతివాది: ఇంజను చెడినచో బాగుచేయించుకొందుము. నా ప్రధానభయము వేరు. గ్యాసు గాలికంటె బరువైనది. ప్రొపేను ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు. కారినచో అది పైకిపోయి చెదరిపోక, నేలబారున ప్రాకి పల్లములయందు నిలుచును. గాలిలో నూటికి రెండుపాళ్లు కలిసినను చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకొనును. మన నగరములలో అపార్టుమెంటుల బండ్లన్నియు ఎక్కడ నిలుపుచున్నారు? నేలక్రింద తవ్విన సెల్లారులలో. ఎక్కడనో కీలు వదులై రాత్రియంతయు సన్నగా కారిన గ్యాసు అక్కడ తప్ప మరెక్కడికి పోగలదు? ఈ వాయువు స్వభావమెట్టిదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14వ తేదీ ఉదయమున విశాఖపట్టణములోని చమురుశుద్ధి కర్మాగారమున గ్యాసు కారి, అంటుకొని, గోళాకార టాంకులు ప్రేలి యాభైమందికి పైగా మరణించిరి. ఆ దినమున ఊరు విడిచి పరుగెత్తినవారు ఇప్పటికిని ఆ నల్లని పొగను తలచుకొనుచునే యున్నారు.

వాది: ఆ దుర్ఘటన స్మరణముచేతనే నేనును జాగ్రత్తగా మాటలాడవలసియున్నది. అయినను వందలాది టన్నులు నిలువచేయు గోళములను, ముప్పది నలువది లీటర్లు పట్టు కారుటాంకును ఒక్కటిగా భావింపరాదు. ఈ టాంకు పెట్రోలుటాంకువలె పలుచని రేకుతోగాని ప్లాస్టిక్కుతోగాని చేసినది కాదు. దళసరి ఉక్కుతో చేసి, వాడుకలో దానికి కలుగు ఒత్తిడికంటె ఎన్నో రెట్లు ఒత్తిడితో పరీక్షించినది. ద్రవము వేడికి వ్యాకోచించునని ఎరిగి, దానిని నూటికి 80 పాళ్లకు మించి నింపనీయని కవాటము అందు కలదు. రామగుండములోనో విజయవాడలోనో మే నెల యెండలో రోజంతయు నిలిపిన బండికి మిగిలిన ఆ 20 పాళ్ల ఖాళీయే రక్ష. గొట్టము తెగినచో ప్రవాహము నరికట్టు కవాటము వేరు, ఇంజను ఆగినంతనే గ్యాసును బంధించు విద్యుత్కవాటము వేరు, ఒత్తిడి హద్దు మీరినచో మెల్లగా బయటికి విడుచు కవాటము వేరు. సహజముగా వాసనలేని ఈ వాయువునకు దుర్గంధద్రవ్యమును కలుపుటయు రక్షణకే గదా!

పూర్వము ఈ కవాటములన్నియు ఉండెడివి కావు. ఫ్రాన్సుదేశమున లియోను నగర సమీపమందలి వెనిస్యూలో 1999 జనవరిలో దుండగులు నిప్పుపెట్టిన గ్యాసుకారునొకదానిని ఆర్పుటకు వచ్చిన అగ్నిమాపకదళమువారి యెదుటనే టాంకు ప్రేలి, వారిలో పలువురు తీవ్రముగా గాయపడిరి. ఆ టాంకునకు ఒత్తిడిని విడుచు కవాటము లేకుండెను. పిమ్మట ఐరోపాలో అట్టి కవాటము తప్పనిసరి యైనది. నేడు ఇటలీ, పోలండు, తుర్కీ దేశములలో లక్షలకొలది కార్లు గ్యాసుతోనే తిరుగుచున్నవి. దక్షిణకొరియా ఆదిలో టాక్సీలకును, వికలాంగులు మొదలగు కొందరికిని మాత్రమే గ్యాసుకార్ల ననుమతించి, గాలిలోని సూక్ష్మధూళి బాధను తగ్గింపనెంచి 2019లో ఆ నిర్బంధమును తొలగించి అందరికిని అనుమతించినది. ప్రమాదకరమైన వస్తువైనచో అనుభవముగల ప్రభుత్వము ఆంక్షను బిగించును గాని సడలింపదు.

ప్రతివాది: వెనిస్యూ ఉదాహరణమును మీరు మీ పక్షమున చెప్పితిరి, నాకు అది నా పక్షమున పలుకుచున్నది. రక్షణకవాటము అప్పటికే లోకము ఎరుగని వస్తువు కాదు. ఆ కారులో లేదు, అంతియే. ఏ కారులో ఏది యున్నదో, ఏది లేదో బయటినుండి చూచువానికి తెలియదు. నిప్పార్పుటకు వచ్చినవానికి తెలియదు. ఒక్కొక్కప్పుడు యజమానికే తెలియదు. నేను భయపడునది మీరు వర్ణించిన టాంకును గూర్చి కాదు. మన ఊళ్లలో నిజముగా తిరుగుచున్న టాంకులను గూర్చి.

మీ టాక్సీవాని పొదుపునకును, నా భయమునకును నడుమ వంటింటి గ్యాసుబండ యొకటి యున్నది. దానిని గూర్చి మాటలాడక ఈ చర్చ సాగదు. 14.2 కిలోల ఆ ఎర్రబండ పేదకుటుంబముల వంటకై ప్రభుత్వము ధర నదుపుచేసి యిచ్చునది. ఊరి చివర సందులలో, దుకాణముల వెనుకగదులలో, ఒక చిన్న మోటారుతో ఆ బండలోని గ్యాసును కార్లలోనికి, ఆటోలలోనికి తోడిపోయుట తెలియనివారెవరు? గదిలో గాలియాడదు, నింపువానికి శిక్షణ లేదు, మోటారు మీటనొక్కునప్పుడు పుట్టు రవ్వయే చాలును. కొందరు టాంకుసైతము లేక వంటబండనే డిక్కీలో పడుకొనబెట్టి గొట్టము తగిలించుకొన్న సంగతులును కలవు. పడుకొనబెట్టిన బండనుండి ఆవిరికి బదులు ద్రవము వచ్చును. దానికి 80 పాళ్ల అడ్డులేదు, గొట్టము తెగినచో ఆపు కవాటము లేదు. అట్టిబండిలో బడిపిల్లలను కూర్చుండబెట్టి తీసికొనిపోవుట నేరమే గాక పాపముగూడ.

వాది: ఆ పాపమును నేను సమర్థింపను, ఏ కారణముచేతను సమర్థింపను. వంటగ్యాసును వాహనమునకు మళ్లించుట నిత్యావసర వస్తువుల చట్టము ననుసరించి శిక్షార్హమైన నేరము. కాని మీరు వర్ణించినది కిట్టు బిగింపించుకొన్నవాని దోషమా, ఆ అలవాటును మూలముతో తీసివేయవలసిన వ్యవస్థ దోషమా యని అడుగుచున్నాను. ఆటోగ్యాసు అమ్ము బంకులు నగరములలోనే అక్కడక్కడ గలవు. జిల్లాకేంద్రములు దాటినచో కానరావు. చట్టబద్ధముగా కిట్టు బిగింపించి, ఆర్.సి.లో వ్రాయించి, ఇన్సూరెన్సు సంస్థకు తెలిపి అదనపు ప్రీమియము చెల్లించినవాడుగూడ, సొంత ఊరికి పోయినచో గ్యాసు దొరకక పెట్రోలు పోయించుకొనుచున్నాడు. ధర్మమార్గము నిడుపుగా నుండి, అధర్మమార్గము ఇంటిపక్క సందులోనే యున్నప్పుడు, బీదవాడు తప్పుత్రోవ త్రొక్కుట ఆశ్చర్యము గాదు.

ప్రతివాది: ఆశ్చర్యము కాదని నేనును ఒప్పుకొందును. మీరు చెప్పిన కారణమే నన్ను వెనుకకు లాగుచున్నది. బంకులు రాకమునుపే కిట్లు వచ్చినవి. కిట్టు బిగింపించుకొనుమని మనము చెప్పు ప్రతిమాటయు, ఆ సందులోని గదికి ఇంకొక బేరగానిని పంపుచున్నదేమోయని నా శంక. మారుతి సంస్థ 2006లో వ్యాగన్ఆర్ బండిని పెట్రోలు, గ్యాసు రెండింటితోను నడచునట్లు కర్మాగారములోనే తయారుచేసి అమ్మినది. ఇతర సంస్థలును కొన్ని చేసినవి. నేడు ఆ సంస్థల ఆసక్తియంతయు సి.యన్.జి.వైపు తిరిగినది. తయారుచేసినవారే విడిచిన మార్గమున వాడుకరి ఒంటరిగా నడవవలయునా?

మరియు దేశవిషయమును ఆలోచింపుడు. మనము వాడు వంటగ్యాసులో రమారమి 60 పాళ్లు విదేశములనుండి, అందులోను అధికభాగము గల్ఫుదేశములనుండి ఓడలమీద రావలయును. దానిని దింపి దాచుటకే విశాఖలో కొండరాతిని తొలిచి 60,000 టన్నులు పట్టు గుహను నిర్మించుకొంటిమి. పెట్రోలు సంగతి వేరు. ముడిచమురును మనము కొనితెచ్చుకొన్నను, దానిని శుద్ధిచేయు శక్తి మనకు సమృద్ధిగా నుండుటచేత, తయారైన పెట్రోలును విదేశములకు ఎగుమతి చేయుచున్నాము. మిగులుగానున్న ఇంధనమును విడిచి, కొరతగానున్న వంటింటి ఇంధనమును రోడ్డుమీదికి తెచ్చుట ఏ నీతి? 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినపిమ్మట కట్టెలపొగనుండి బయటపడిన ఇల్లాండ్రు బండ ఖరీదునకు వెరచి మరల పొయ్యివైపు చూచుచున్నచోట్లు నేటికిని కలవు. గ్యాసుమీద మొదటి హక్కు వారిది.

వాది: వారి హక్కు మొదటిదనుటలో మనకు భేదములేదు. దేశమున ఖర్చగు గ్యాసునంతయు నూరుపాళ్లు చేసినచో వాహనములు త్రాగునది ఒక పాలుగూడ లేదు. ఆ కొంచెమును ఆపినంతమాత్రమున ఏ ఇల్లాలి బండ ఖరీదును తగ్గదు. అంతేకాక గ్యాసు, చమురుబావులనుండియు శుద్ధికర్మాగారములనుండియు ఎటులైనను పుట్టితీరు పదార్థము. దానిని వాడుకొనుటకు త్రోవ యేర్పడనినాళ్లలో బావులయొద్ద ఊరక మండించివేసెడివారు. ఎగుమతియగుచున్న పెట్రోలు మిగులు అనుటయు పూర్తిగా సరికాదు. ఆ పెట్రోలునకు మూలమగు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశముదే.

ప్రతివాది: పరదేశముదే యగుగాక, శుద్ధిచేయుటవలని లాభమును, ఉద్యోగములును మనకు మిగులును. ఐతే నూటికొకపాలునకు లోపన్న మీ మాటకు నాయొద్ద సమాధానము లేదు. అల్పసంఖ్యాకులు వాడినంతకాలము అది దేశమునకు భారము కాదని అంగీకరింతును. అందరును వాడవలసినదని మీరు ఉపదేశించిననాడు మాత్రము ఆ సమాధానము నిలువదు.

వాది: అందరును వాడవలయునని నేననను. ఎక్కువ తిరుగు బండ్లు, ఇంకను పదేండ్లు నడువగల బండ్లు, వీటికి మాత్రమే చెప్పుచున్నాను. సి.యన్.జి.యో, విద్యుత్తో మేలని మీరు తరువాత చెప్పబోవుచున్నారని ఊహించుచున్నాను. సి.యన్.జి. గాలికంటె తేలికయై పైకి పోవుట నిజముగా గొప్పగుణమే. కాని దానిని 200 బార్ల ఒత్తిడితో నింపవలయును, బరువైన సిలిండరు మోయవలయును, క్యూలో నిలువవలయును. హైదరాబాదు, విజయవాడ, కాకినాడలలో భాగ్యనగర్ గ్యాసు సంస్థ దానిని అందించుచున్నది. గొట్టము పోనిచోటికి అది చేరుట కష్టము. ద్రవగ్యాసునో లారీలో నింపి ఏ పల్లెకైనను చేర్పవచ్చును. ఇక విద్యుత్కారు కొనుమని టాక్సీవానికి చెప్పుట, మంచి నడకలోనున్న బండిని మూలబెట్టి పది లక్షలు అప్పు చేయుమనుటయే. ఆ క్రొత్తకారును తయారుచేయుటకు పట్టిన ఉక్కు, విద్యుత్తు, బ్యాటరీలోని లోహములు, ఇవియును భూమినుండియే వచ్చినవి. ఉన్నబండిని తక్కువపొగతో దాని ఆయుర్దాయము తీరువరకు నడపుకొనుట ఒక విధమైన పొదుపు. ఆ పొదుపు వానికిని లోకమునకును గూడ లాభమే.

ప్రతివాది: ఉన్నబండిని నిలుపుకొనుట మంచిదన్న వాదము మీ వాదములన్నింటిలో నాకు బలమైనదిగా తోచుచున్నది. మహాయుద్ధకాలమున పెట్రోలు దొరకక మనవారు బస్సుల వెనుక బొగ్గుకొలిమిని తగిలించి, ఆ బొగ్గుగ్యాసుతో ప్రజలను ఊరూర చేర్చిరి. దానిని ఎవ్వరును నిందింపలేదు. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే విడిచిరి. ఆ బస్సులను నడుపువాడు ప్రతి ఉదయమున కొలిమిని తానే రాజవేసి, తానే బూడిద తీసెడివాడు. ఇంధనము అపాయమును, దాని మర్మమును వాని చేతులకు తెలియును. నేటి గ్యాసుకారువానికి తన వెనుకసీటు క్రిందనున్న టాంకును చూచు అవసరమే కలుగదు; మీట నొక్కును, పచ్చదీపము వెలుగును, పోవును. చట్టము ప్రకారము ఆ టాంకును అయిదేండ్లకొకసారి విప్పి పరీక్షింపవలయును. అది జరుగుచున్నదా? పదేండ్లలో ఆ కారు ముగ్గురు యజమానుల చేతులు మారును. మొదటివాడు నాణ్యమైన కిట్టు బిగింపించి, 14 దినములలోపల అధికారులకు తెలిపి, అన్నియు సక్రమముగా చేసినవాడేయని ఒప్పుకొందము. మూడవవానికి ఆ కాగితములు చేరునా? చౌకగా వచ్చినదని కొన్న బండిలో, తుప్పుపట్టిన బోల్టులతో వ్రేలాడు టాంకు ఏ సంవత్సరమున తయారైనదో వాడు చదువునా?

వాది: ఈ ప్రశ్నకు నా యొద్ద తృప్తికరమగు సమాధానము లేదని చెప్పుటకు సందేహింపను. 2022లో బి.యస్. 6 బండ్లకుగూడ కిట్లు బిగించుటకు కేంద్రప్రభుత్వము అనుమతించినప్పుడు, కిట్టు నాణ్యతను గూర్చి నియమములు విధించినది. బిగింపునాటి నియమములు చక్కగనే యున్నవి. బిగించిన అయిదవయేట, పదియవయేట బండిని ఎవరు పట్టుకొని చూచెదరన్నదే లోటు. ఇందుకు నాకు తోచిన ఉపాయమొకటి కలదు: గ్యాసు నింపుటకు ముందు బంకులోనే పరీక్షతేదీని చూడవలయును. తేదీ గడచిన టాంకునకు గ్యాసు పోయరాదు. కొలాయి మూసినచో ఎంతటి బద్ధకస్తుడైనను పరీక్ష చేయించుకొని వచ్చును. దీనికి క్రొత్త కార్యాలయము అక్కరలేదు, క్రొత్త ఉద్యోగులు అక్కరలేదు.

ప్రతివాది: ఉపాయము మంచిదే. అది అమలైననాడు నా ఆక్షేపణలో సగము వీగిపోవును. కుటుంబపోషణకై గ్యాసు కావలయునన్న టాక్సీవానిని అప్పుడు నేనాపను. అయితే మీరే యిందాక చెప్పితిరి, ధర్మమార్గము నిడుపైనది, అధర్మమార్గము ఇంటిపక్కనున్నది అని. బంకులో కొలాయి మూసినవెంటనే వాడు పరీక్షాకేంద్రమునకు పోవునా, సందులోని గదికి పోవునా? పరీక్షకు ఒకటి రెండు దినముల సంపాదన పోవును, టాంకు విప్పినందుకు కూలి ఈయవలయును, పరీక్షలో తప్పినచో క్రొత్తటాంకు కొనవలయును. ఆ గదిలో ఇవేవియు అక్కరలేదు. అంటే మీ నియమము ఎంత కఠినమైనచో, తుప్పుపట్టిన టాంకులన్నియు అంత త్వరగా ఆ గదికే చేరును. మంచి టాంకులు బంకులోను, చెడ్డటాంకులు గాలియాడని ఆ గదిలోను నింపబడును.

వాది: అందుచేతనే పరీక్షఖర్చును యజమానిమీద వేయక గ్యాసుధరలోనే కలిపి పోగుచేయవలయునని తలచుచున్నాను. లీటరునకు అర్ధరూపాయి చాలును. నెలకు 200 లీటర్లు పట్టించుకొను టాక్సీ అయిదేండ్లలో 6,000 రూపాయలు తనకు తెలియకుండనే కూడబెట్టినట్లగును. పరీక్షనాడు వాడు రిక్తహస్తములతో రాగలడు.

ప్రతివాది: సందులోని గదివానికి ఆ అర్ధరూపాయియు తగ్గింపే యగును.

వాది: అగును. ఆ గదిని మూయించుట మాత్రము పోలీసువారి పని, పౌరసరఫరాలవారి పని. నేను గాని మీరు గాని చేయగలది కాదు. వారు మూయింతురని నమ్మి నేను టాక్సీవానికి గ్యాసు బిగింపించుకొనుమని చెప్పుచున్నాను.

ప్రతివాది: ఆ గది మూతపడినదని చూచిన పిమ్మట చెప్పుదమని నేననుచున్నాను.